హోల్‌సేల్ కొట్టుకి షాపింగ్ కార్టు తగిలించకండి బాబూ!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. ఎవరైనా ఏదైనా అమ్ముతున్నారని తెలిస్తే చాలు, చెయ్యి దురద పెడుతుంది. వాళ్ళకో వెబ్‌సైటు, అందులో బొమ్మలు, బొమ్మ కింద రేటు, రేటు పక్కన 'కార్టులో వేయండి' అని ఒక నారింజ రంగు బటను, చివర్న పేమెంట్ గేట్‌వే. అయిపోయింది, వ్యాపారం ఆన్‌లైనుకి వెళ్ళిపోయింది. చెప్పులమ్మేవాడికీ అదే మందు, పచ్చళ్ళమ్మేవాడికీ అదే మందు, ఫ్యాక్టరీలకి బేరింగులు సప్లై చేసేవాడికీ అదే మందు. ఆర్నెల్ల తర్వాత ఆ సైటులో ఒక్క ఆర్డరూ పడకపోతే మన తీర్పు కూడా రెడీగానే ఉంటుంది: "ఈ ట్రేడర్లు మారరండీ, ఇంకా పాత కాలంలోనే ఉన్నారు".

నాకు ఒళ్ళు మండేది ఈ ఆఖరి మాట దగ్గరే. ఆ ట్రేడరు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నాడు, ఫోన్లోనే ఈ-వే బిల్లు తీస్తున్నాడు, బ్యాంకు యాప్‌లో ఎవరి డబ్బు పడిందో చూసుకుంటున్నాడు. ఇంకేం మారాలి? మారాల్సింది మనం. ఒక కంపెనీ ఇంకో కంపెనీకి సరుకు ఎలా అమ్ముతుందో ఒక్క పూటైనా కూర్చుని చూడకుండా, మనం సోఫాలో పడుకుని ఫోను కవరు కొనుక్కున్న అనుభవాన్ని పట్టుకెళ్ళి ఆయన నెత్తిన రుద్దుతున్నాం.

సికింద్రాబాదులో రాణిగంజ్ ఉంది కదా. బేరింగులు, బెల్టులు, వాల్వులు, పైపు ఫిట్టింగులు, నట్లూ బోల్టులూ... ఫ్యాక్టరీకి ఏం కావాలన్నా దొరుకుతాయి, బండి పెట్టుకునే చోటు తప్ప :) మా బాబాయికి అక్కడ బేరింగుల కొట్టుంది. ముందు చిన్న కౌంటరు, వెనక గోడౌను, ఒక అకౌంటెంటు, ట్యాలీ నడిచే ఒక కంప్యూటరు, బండి మీద సరుకు చేరవేసే ఇద్దరు కుర్రాళ్ళు. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు ఓ రెండొందలు ఆయన దగ్గర వాడిగ్గా కొంటాయి.

ఆయన దగ్గరికి ఒక ఆర్డరు ఎలా వస్తుందో చూడండి. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో మోటారు చప్పుడు చేస్తుంది. మెయింటెనెన్స్ అతను చూసి బేరింగు పోయిందని తేలుస్తాడు. '6205 జడ్‌జడ్ సీ3, నాలుగు' అని స్టోర్స్‌కి ఇండెంటు రాస్తాడు. స్టోర్స్‌లో లేకపోతే అది పర్చేజ్ వాళ్ళకి వెళ్తుంది. పర్చేజ్ ఆయన ముగ్గురిని కొటేషన్ అడుగుతాడు (ఎవరి దగ్గర తీసుకోవాలో ఆయనకి ముందే తెలుసు, అయినా ఫైల్లో మూడు కాగితాలుండాలి). తర్వాత పీవో వస్తుంది, ఫోటో తీసి వాట్సాప్‌లో. మా బాబాయి కుర్రాడు సరుకు పట్టుకెళ్ళి గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో ఎంట్రీ వేయించి, స్టోర్స్‌లో చలాను మీద సంతకం పెట్టించుకుని వస్తాడు. స్టోర్స్ వాళ్ళు జీఆర్ఎన్ వేస్తారు. అకౌంట్స్ వాళ్ళు పీవో, జీఆర్ఎన్, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి అంకెలు కలిశాయో లేదో చూస్తారు. కలిస్తే అరవై రోజులకో తొంభై రోజులకో డబ్బులు. కలవకపోతే... ఆ కథ వేరు.

వస్తువు కావాల్సింది ఒకరికి, ఎక్కడ కొనాలో తేల్చేది ఇంకొకరు, డబ్బు కట్టేది మూడో ఆయన. ఇప్పుడు చెప్పండి, ఈ ముగ్గురిలో మీ నారింజ రంగు బటను ఎవరు నొక్కాలి? మెయింటెనెన్స్ అతని దగ్గర కంపెనీ కార్డు ఉండదు. పర్చేజ్ ఆయనకి పై నుంచి సంతకం రావాలి. అకౌంట్స్ ఆయన సరుకు గేటు దాటి లోపలికి రాకుండా పైసా కదపడు. మన కార్టులో 'కస్టమర్' అని ఒకే ఒక్క టేబుల్, దానికి ఒకే ఒక్క లాగిన్. డేటాబేస్ డిజైన్ దగ్గరే తప్పు పడింది మహాప్రభో.

కార్టు పెట్టి ప్రపంచాన్ని ఏలుతున్న అమెజానే 2015లో అమెరికాలో అమెజాన్ బిజినెస్ మొదలుపెట్టినప్పుడు ఒక కంపెనీ ఖాతా కింద పలువురు యూజర్లు, కొనే ముందు పైవాళ్ళ ఆమోదం లాంటివి అమర్చుకోవాల్సి వచ్చింది. మనం మాత్రం చెప్పుల కొట్టు టెంప్లేటు కొనుక్కొచ్చి రంగు మార్చి 'బీటూబీ సొల్యూషన్' అని పేరు పెడతాం.

ఆ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు (పేరెందుకు లెండి) బాబాయికి డెమో ఇవ్వడానికి వచ్చారు. నన్నూ రమ్మన్నాడు, వెళ్ళి ఓ మూల కూర్చున్నా. నలభై నిమిషాలు స్లైడ్లు. బాబాయి ఓపిగ్గా అంతా విని మూడు ప్రశ్నలు అడిగాడు. జీడిమెట్ల వాళ్ళకిచ్చే రేటు బాలానగర్ వాళ్ళకి కనపడకుండా ఉంటుందా? మూడు నెలల పాత బాకీ ఉన్న పార్టీ కొత్త ఆర్డరు పెడితే ఆపి నాకు చెప్తుందా? ఇక్కడ కౌంటర్లో అమ్మితే నా ట్యాలీలో తగ్గిన స్టాకు ఆ సైటులో కూడా తగ్గుతుందా? మూడింటికీ ఒకటే జవాబు: "ఫేజ్ టూలో చేద్దాం సార్". ఫేజ్ వన్‌లో ఏముందయ్యా అంటే, హోమ్ పేజీ మీద అటూ ఇటూ కదిలే బొమ్మలు.

ఆ మూడు ప్రశ్నలే బీటూబీ. మిగతాదంతా అలంకారం.

రేటు సంగతే తీసుకోండి. "పారదర్శకత ఉండాలి, రేటు అందరికీ కనపడేలా పెట్టాలి" అని మనవాళ్ళు ఉపన్యాసాలిస్తారు. బేరింగుల్లో కంపెనీ లిస్టు ధర ఒకటుంటుంది, దాని మీద ఎంత పర్సెంటు తగ్గించి ఇస్తారన్నదే వ్యాపారమంతా. ఏడాదికి పాతిక లక్షల సరుకు తీసుకుని నెల తిరక్కుండా డబ్బిచ్చే ఫ్యాక్టరీకి ఒక పర్సెంటు, రెండు బేరింగులు కొని నాలుగు నెలలు తిప్పించే వాడికి ఇంకో పర్సెంటు. ఇందులో మోసం ఏముంది? మీ కంపెనీ క్లౌడ్ బిల్లు కట్టేటప్పుడు వెబ్‌సైటు మీదున్న రేటే కడుతోందా, ఎంటర్‌ప్రైజ్ డిస్కౌంటు బేరమాడుకుందా? బాబాయి పార్టీకో రేటు ఇస్తే మాత్రం వెనకబాటుతనం!

వెతుకులాట ఇంకో కామెడీ. 6205 అంటే లోపలి కొలత 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, వెడల్పు 15. ఏ కంపెనీ చేసినా అంతే. కానీ రెండు పక్కలా రేకు మూతలున్న దాన్ని ఎన్ఎస్‌కే వాళ్ళు 'జడ్‌జడ్' అంటారు, ఎస్‌కేఎఫ్ వాళ్ళు '2జడ్' అంటారు. రబ్బరు సీలున్న దానికి ఒకరు 'డీడీయూ' అంటే ఇంకొకరు '2ఆర్ఎస్1' అంటారు. కౌంటరు మీద కూర్చున్న పదో క్లాసు కుర్రాడికి ఇవన్నీ నోటికొచ్చు. "అది లేదు సార్, దానికి ఈక్వలెంటు ఇది ఇస్తా" అంటాడు. లక్షలు పోసి కట్టిన సైటులో గీత ఒకటి అటూ ఇటూ అయితే 'ఫలితాలు లేవు' అని వస్తుంది. పైగా కింద 'మీకు ఇవి కూడా నచ్చవచ్చు' అని గ్రీజు డబ్బా చూపిస్తుంది. ఆగిపోయిన మోటారు ముందు నిలబడ్డ మనిషికి నచ్చడం ఏమిటండీ!

ఇక అసలు సంగతి. ఉద్దెర. మా కోస్తా వాళ్ళ భాషలో అరువు.

బాబాయి బేరింగు ఒక్కటే అమ్ముతున్నాడనుకుంటే పొరపాటు. దాంతో పాటు రెండు నెలల అప్పు కూడా అమ్ముతున్నాడు. ఆ అప్పు లేకపోతే ఆ ఫ్యాక్టరీ ఆయన దగ్గరికి రానే రాదు. ఏ పార్టీకి ఎంత వరకు ఇవ్వొచ్చన్నది ఆయన బుర్రలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న లెక్క. ఏ ఫ్యాక్టరీలో జీతాలు పదో తారీకు దాటాయి, ఎక్కడ రెండో షిఫ్టు ఎత్తేశారు, ఏ గేటు దగ్గర లారీలు తగ్గాయి - ఈ కబుర్లన్నీ సరుకు దింపి వచ్చిన కుర్రాడు టీ తాగుతూ చెప్తాడు. మనం దీనికే క్రెడిట్ స్కోరింగ్ అని పేరు పెట్టి, మోడల్ ట్రెయిన్ చేసి, ఆ కుర్రాడికన్నా ఆర్నెల్లు ఆలస్యంగా కనుక్కుంటాం.

ఇదంతా వదిలేసి 'ఇప్పుడే చెల్లించండి' అని గేట్‌వే పెడితే ఎవడు కడతాడు? కట్టినా, ఐదారు శాతం మార్జిను మీద బతికే సరుకులో కార్డు చార్జీలకి రెండు శాతం పోతే మిగిలేదెంత? డబ్బు పంపడం ఇప్పుడు ఈ దేశంలో సమస్యే కాదు. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ ఇరవైనాలుగ్గంటలూ నడుస్తున్నాయి. అర్ధరాత్రి కూడా కోటి రూపాయలు పంపొచ్చు. పంపాలన్న మనసే లేదు, దానికి ఏపీఐ లేదు.

2016లో బెంగళూరులో ఉడాన్ మొదలుపెట్టిన ముగ్గురూ ఫ్లిప్‌కార్ట్ నుంచి వచ్చినవాళ్ళే. అయినా చిన్న కొట్లకి సరుకు ఆన్‌లైన్లో అమ్మాలంటే అప్పు కూడా ఇవ్వాల్సిందేనని తెలుసుకుని అదీ అందులో భాగం చేశారు. అంత పెద్ద పెట్టుబడులున్న వాళ్ళకే అప్పిచ్చి వసూలు చేసుకోవడం చెమటలు పట్టించే పని. సైటు పెట్టడం అందులో తేలిక భాగం.

"సరేనండీ, సైటు వద్దు, పోర్టల్లో లిస్ట్ చేసుకోమనండి" అంటారు. ఈ సలహా ఇంకా ప్రమాదం.

పోర్టల్ ఎవరి డబ్బుతో నడుస్తోందో ముందు చూడండి. ఇండియామార్ట్ 1996లో మొదలైంది, 2019లో షేర్ మార్కెట్‌కి వచ్చింది, లాభాల్లో నడిచే కంపెనీ. దాని ఆదాయంలో సింహభాగం అమ్మేవాళ్ళు కట్టే చందాలు. ఇందులో దాపరికమేం లేదు, వాళ్ళ వార్షిక నివేదికల్లోనే ఉంటుంది. అంటే అక్కడ కస్టమరు అమ్మేవాడే. సరుకు అమ్ముడుపోయిందా లేదా అన్నదానితో చందాకి సంబంధం లేదు. ఒకే ఎంక్వైరీ నలుగురు ఐదుగురు సప్లయర్లకి చేరితే, కొనేవాడికి పది నిమిషాల్లో ఐదు ఫోన్లు. ఐదుగురికీ పోటీ పడ్డానికి మిగిలింది రేటు ఒక్కటే. ఇది కొనేవాళ్ళకి మంచిది కాదా అంటే, ఒక్కసారి కొని వెళ్ళిపోయేవాళ్ళకి మంచిదే. నకిలీ బేరింగు డబ్బా మీద అసలు కంపెనీ పేరేసి అమ్మే వాడు కూడా ఆ ఐదుగురిలో ఒకడైతే ఏ రేటు గెలుస్తుందో మీరే ఊహించుకోండి.

చందాల మోజులో ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1999లో హాంగ్‌జౌలో పుట్టిన అలీబాబా, చైనా సప్లయర్ల దగ్గర రుసుము తీసుకుని 'గోల్డ్ సప్లయర్' ముద్ర వేసేది. 2009, 2010 రెండేళ్ళలో కలిపి 2,300 మందికి పైగా గోల్డ్ సప్లయర్లు కొనుగోలుదార్లని మోసం చేశారని, ఓ వంద మంది సేల్స్ ఉద్యోగులు తెలిసో, నిర్లక్ష్యంగానో అలాంటి వాళ్ళని లోపలికి రానిచ్చారని 2011 ఫిబ్రవరిలో కంపెనీయే బయటపెట్టింది. మోసంలో ప్రమేయం లేకపోయినా సీఈవో డేవిడ్ వీ బాధ్యత తీసుకుని తప్పుకున్నాడు. ఆయన్ని మెచ్చుకోవాలి. కానీ ముద్రని రుసుముకి అమ్మి, ఆ అమ్మకం మీద సేల్స్ వాళ్ళకి టార్గెట్లు పెడితే ఇంకేం జరుగుతుంది?

మన రంగంలో కొంచెం వయసు మళ్ళిన వాళ్ళకి ఇంకో కథ గుర్తుండే ఉంటుంది. 2000లో అమెరికాలో బీటూబీ ఎక్స్‌ఛేంజిల పిచ్చి. మధ్యవర్తి చచ్చిపోయాడు, ఇక అన్నీ ఎక్స్‌ఛేంజిలోనే అన్నారు. లాబ్ కెమికల్స్ అమ్మే కెమ్‌డెక్స్ ఆ ఏడాది చివర్లోనే మూసేస్తున్నామని ప్రకటించింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, డైమ్లర్ క్రైస్లర్ కలిసి ఆర్భాటంగా పెట్టిన కోవిసింట్ 2004లో కంప్యూవేర్ చేతికి వెళ్ళింది. అక్కడ సాఫ్ట్‌వేర్ కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది: కొనే కంపెనీలే కలిసి సంత పెట్టి, "రండి, వచ్చి మీ రేట్లు మీరే ఒకరి మీద ఒకరు తగ్గించుకోండి" అని సప్లయర్లని పిలిస్తే ఎవడొస్తాడు సంతోషంగా? ఆ బుడగ పేలాకే మన వాళ్ళ మధ్య ఆ జోకు పుట్టింది - బీటూబీ అంటే బ్యాక్ టు బెంగళూరు, బీటూసీ అంటే బ్యాక్ టు చెన్నై. నవ్వుకున్నాం గానీ పాఠం మాత్రం నేర్చుకోలేదు.

మరి ఏం చెయ్యాలంటావయ్యా అంటే, నేను చెప్పేది ఒకటే. ఆన్‌లైన్ అనేది కొత్త కస్టమర్ల కోసం అన్న భ్రమ వదిలేయండి. బీటూబీలో ఆన్‌లైన్ పాత కస్టమర్ల కోసం.

ఆ రెండొందల ఫ్యాక్టరీలకీ లాగిన్లు ఇవ్వండి. ఒక్కో ఫ్యాక్టరీకి ముగ్గురికి, ఎవరి పని వాళ్ళకి కనపడేలా. పర్చేజ్ ఆయనకి ఆ కంపెనీతో ఒప్పుకున్న రేట్లు, పోయినసారి ఏం కొన్నారు, 'అదే మళ్ళీ పంపండి' అన్న ఒక్క బటను. స్టోర్స్ అతనికి సరుకు ఎక్కడుంది, చలాను నంబరేంటి. అకౌంట్స్ ఆయనకి కట్టాల్సిన బిల్లుల జాబితా, ఏది ఎన్ని రోజులైంది, ప్రతి బిల్లు కాపీ. ఈ ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, "మీ బిల్లు కాపీ దొరకలేదండీ, మళ్ళీ పంపండి" అన్న వంకతో ఎన్ని వేల చెల్లింపులు వాయిదా పడతాయో ఏ ట్రేడర్నైనా అడగండి. వంక దొరక్కుండా చేయడం కూడా అమ్మకమే.

దీనికి కావాల్సిన సమాచారమంతా ఆయన ట్యాలీలోనే ఉంది. ట్యాలీతో ఎక్స్‌ఎంఎల్‌లో మాట్లాడొచ్చు, 9000 పోర్టు మీద వింటూ కూర్చుంటుంది పాపం. మనకి అది నామోషీ. మైక్రోసర్వీసులు, కాఫ్కా ఉంటే గానీ పని చేసినట్టుండదు. అందుకని సొంత డేటాబేస్ పెట్టి, అకౌంటెంటు చేత ప్రతి బిల్లూ రెండుసార్లు కొట్టిస్తాం. రెండో వారం ఆయన కొట్టడం మానేస్తాడు, మూడో వారం సైటులో స్టాకు అబద్ధమవుతుంది, నాలుగో వారం సైటు చచ్చిపోతుంది. తప్పెవరిది? అకౌంటెంటుది!

పెద్ద కంపెనీలకి అమ్మేవాళ్ళయితే వాళ్ళ కొనుగోలు సాఫ్ట్‌వేర్ లోపలికే మన కేటలాగు వెళ్ళాలి. అరిబా వాళ్ళు 1999లోనే సీఎక్స్‌ఎంఎల్ అని దీని కోసం ఒక భాష తయారుచేశారు. (2012లో ఆ అరిబానే ఎస్‌ఏపీ 430 కోట్ల డాలర్లకి కొంది.) కొనే మనిషి తన కంపెనీ స్క్రీన్లోంచే సప్లయర్ కేటలాగులోకి వచ్చి, కావాల్సినవి ఎంచుకుని, ఆమోదం కోసం వెనక్కి తీసుకెళ్తాడు. గమనించారా, ఇక్కడ కూడా కార్టు ఉంది, కానీ అది కొనేవాడి ఇంటికి తిరిగి వెళ్ళే కార్టు.

కొత్త వాళ్ళు రారా మరి? వస్తారు, వివరాలు చూసి వస్తారు. అమెరికాలో మెక్‌మాస్టర్-కార్ సైటు ఒకసారి చూడండి. హంగూ ఆర్భాటం ఉండవు. ప్రతి బోల్టుకీ కొలతలు, ఏ లోహం, డ్రాయింగు, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో. ఇంజనీర్లు దాన్ని ప్రేమిస్తారు. మన కౌంటరు కుర్రాడి నోట్లో ఉన్న ఈక్వలెంట్ల జాబితా ఒక పేజీలో రాసి పెట్టండి, గూగుల్లో వెతికే మెయింటెనెన్స్ వాళ్ళు వాళ్ళే వచ్చి ఫోను చేస్తారు. రేటు అక్కడ లేకపోయినా ఫర్వాలేదు.

చిత్రమేమిటంటే ఈ విషయంలో మన అందరికన్నా ముందుకెళ్ళింది పన్నుల శాఖ. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలతో మొదలెట్టి, 2023 ఆగస్టుకి 5 కోట్లు దాటిన వాళ్ళందరి దగ్గరికీ ఈ-ఇన్‌వాయిస్ తెచ్చారు. కంపెనీల మధ్య బిల్లు జేసన్‌గా వెళ్ళి నంబరు వేయించుకుని వస్తోంది. 2022 జనవరి నుంచి సప్లయర్ తన రిటర్నులో ఆ బిల్లు చూపించకపోతే కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అంటే 'నా రిటర్నులన్నీ టైముకి వేశాను, ఇదిగో చూడండి' అని లాగిన్ స్క్రీన్ మీద చూపించే సప్లయరుకి పర్చేజ్ వాళ్ళ దగ్గర ఎంత విలువో ఆలోచించండి. ఏ డెమోలోనైనా ఈ ముక్క చూశారా? కదిలే బొమ్మలు చూశాం.

చివరికి అంతా వసూళ్ళ దగ్గరికే వస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతలు, అదీ చక్రవడ్డీ. మా బాబాయికి ఇది వర్తించదు. 2021 జులైలో హోల్‌సేల్, రిటైల్ ట్రేడర్లని ఎంఎస్ఎంఈల్లో చేర్చింది బ్యాంకు రుణాల కోసం మాత్రమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ లేకుండా. బాలానగర్‌లో లేతు మెషిన్ల మీద పార్టులు తయారుచేసే ఆయన పక్క కొట్టు మిత్రుడికి ఆ రక్షణ ఉంది. వాడుకున్నాడా? లేదు. కేసు పెడితే డబ్బొస్తుంది, మళ్ళీ ఆర్డరు రాదు.

ఆయనలాంటి వాళ్ళ కోసమే ట్రెడ్స్ అని రిజర్వు బ్యాంకు అనుమతితో 2017 నుంచి వేదికలు నడుస్తున్నాయి. బిల్లు అందులో పెడితే బ్యాంకులు పోటీ పడి ముందే డబ్బిచ్చేస్తాయి, గడువుకి బ్యాంకుకి కట్టేది కొన్న కంపెనీ. మొదట 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు, 2024 నవంబరు ఉత్తర్వుతో 250 కోట్లు దాటినవీ ఇందులో నమోదు కావాలన్నారు. నమోదు అవుతారు. కానీ బిల్లు పెట్టాక కొన్న కంపెనీ 'అవును, ఈ బిల్లు సరైనదే' అని ఒప్పుకోవాలి, అప్పుడే బ్యాంకు కదులుతుంది. జీఆర్ఎన్ పడగానే ఆ ఒప్పుకోలు దానంతటదే వెళ్ళిపోయేలా ఈఆర్‌పీలో నాలుగు లైన్లు రాయడం మనకి పెద్ద పనేం కాదు. ఆ పెద్ద కంపెనీల ఈఆర్‌పీలు నడిపేది హైటెక్ సిటీలో కూర్చున్న మనమే కదా. మీ క్లయింటు దగ్గర అది ఎవరైనా రాసి ఉంటే చెప్పండి, సెలవు పెట్టి మరీ వచ్చి చూస్తాను.